సూర్యుడొచ్చిన మర్నాడు, ట్రోమ్సో నుంచి అక్కకి

ట్రోమ్సో, నార్వే
జనవరి 22

అప్పా,

నిన్న ఇక్కడ సూర్యుడు కనబడ్డాడు. నవంబరు 27 తర్వాత మళ్ళీ నిన్నే. లెక్క ప్రకారం జనవరి 15కే పైకి వస్తాడు గానీ ఊరి చుట్టూ కొండలు అడ్డం. అందుకే ఇక్కడివాళ్ళు 21వ తేదీని సూర్యుడి రోజు అంటారు. ఆ రోజు పిల్లలకి లోపల జామ్ పెట్టిన గుండ్రటి బన్నులు పెడతారు. మా మ్యూజియంకి వచ్చిన పిల్లలతో కలిసి నేనూ బయట నిలబడ్డాను. కొండ పక్క నుంచి కాస్త అంచు కనబడింది, కాసేపటికే దిగిపోయింది. పిల్లలు గంతులేశారు. నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టి చన్నీళ్ళు పోసేది. వణుకుతూ తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టేవాళ్ళం. ఎందుకు పెట్టాలో నాకు నిన్న తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

మొన్న వీడియోలో మీ ఏడో తరగతి పిల్లలతో మాట్లాడినప్పుడు నెట్‌వర్క్ పదిసార్లు తెగిపోయింది. సగం ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోయాను. క్లాసులో చదివి వినిపించేలా ఉత్తరం రాయమన్నావు కదా, రాస్తున్నాను. నీకోసం రాసిన మాటలు కూడా మధ్యలో ఉంటాయి, అవి వదిలేసి చదువు.

ముందు నా తప్పు దిద్దాలి. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయని నేను చెప్పాను. చిన్నప్పటి నుంచి మనం విన్నది అదే, ఊళ్ళో అందరూ అదే అంటారు. ఆ రాత్రి కుదురుగా చదివితే తప్పని తేలింది. అక్కడికి వచ్చేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. రెండూ మన దక్షిణాసియా పక్షులే. సెప్టెంబరు ప్రాంతంలో మన చెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. అసలు గూడు కట్టడమే గుర్తు అప్పా. ఉత్తరం నుంచి చలికి తట్టుకోలేక వచ్చే పక్షి మన దగ్గర తిని, బలం పుంజుకుని వెళ్తుంది. గుడ్లు మాత్రం తన చోటికి పోయే పెడుతుంది. పిల్లలకి ఇది నా పేరు చెప్పి దిద్దు. టీచర్ చెల్లెలు చెప్పింది కూడా సరిచూసుకోవాలని వాళ్ళకి తెలియాలి.

నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. అంత పెద్దవి కావు, గుప్పిట్లో పట్టేంతవి. ఉల్లంకి పిట్టల జాతి. వంపు ముక్కుతో బురదలో పొడుచుకుంటూ తిరిగే ఒక రకం ఉత్తర సైబీరియాలో చెట్టు అనేదే లేని నేల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరాలకి దిగుతుంది. నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర ఓపిగ్గా కూర్చుంటే ఇలాంటివి కనబడొచ్చు. అంత దూరం నుంచి అంత చిన్న ప్రాణం! మన పిల్లలు రోజూ వాటి పక్క నుంచే సైకిల్ మీద బడికి పోతున్నారేమో.

ఆ వెనక బెంచీ కుర్రాడు అడిగాడు చూడు, "రెండు నెలలు సూర్యుడు రాకపోతే అంతా నల్లగా ఉంటాదా?" అని. ఉండదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు నీలం వెలుగు ఉంటుంది. మనవాళ్ళు పడవలు తోసే వేళకి భావనపాడులో ఆకాశం ఎలా ఉంటుందో అలా. ఎందుకిలా అవుతుందో చెప్పడానికి ఒక కొబ్బరి బొండానికి పుల్ల గుచ్చి, కాస్త వంచి పట్టుకో. టార్చిలైటు సూర్యుడు. వంపు మార్చకుండా బొండాన్ని టార్చి చుట్టూ తిప్పితే, ఒక పక్కకి వచ్చినప్పుడు బొండం ఎంత తిరిగినా పైకొనకి వెలుగు తగలదు. ఎదుటి పక్కకి వెళ్తే ఆ కొనకి చీకటే రాదు. భూమి వంపు 23.5 డిగ్రీలు. మనం 18 డిగ్రీల దగ్గర ఉన్నాం కాబట్టి మనకి పగలు కొంచెం పెరిగి తగ్గుతుంది, అంతే. నేనున్నది 69 డిగ్రీలు దాటి. అందుకే మే 20 ప్రాంతం నుంచి జులై దాకా ఇక్కడ అర్ధరాత్రి కూడా ఎండే.

దీన్ని అరసవల్లితో కలిపి చెప్పు, దయచేసి. మార్చి 9, 10, 11 తేదీల్లో, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలు. పిల్లల్ని లెక్క వేయమను: మార్చిలో ఆ రోజుకి పది పదకొండు రోజుల ముందు, అక్టోబరులో దాదాపు అన్ని రోజులే తర్వాత. అంటే ఆ రెండుసార్లూ సూర్యుడు దాదాపు ఒకే చోట ఉదయిస్తాడన్న మాట. గుడి కట్టినవాళ్ళు ఆ చోటు చూసి ద్వారం పెట్టారు. అక్కడ స్వామి పాదాలకి వెలుగు తెచ్చేదీ, ఇక్కడ నాకు రెండు నెలలు సూర్యుణ్ణి లేకుండా చేసేదీ ఒకే వంపు. ఈ లెక్క నేనిక్కడి పిల్లలకి బొమ్మ గీసి చెప్పాను. ఒక పాప ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి కూడా చెప్పిందట.

ఎలుగుబంట్లు మా వీధిలో తిరుగుతాయా అని చాలామంది అడిగారు. తిరగవు. వెచ్చటి సముద్ర ప్రవాహం ఒకటి ఇటు రావడం వల్ల మా రేవు చలికాలంలో కూడా గడ్డకట్టదు. తెల్ల ఎలుగులుండేది ఇంకా ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవుల్లో. పెంగ్విన్లు దక్షిణ ధ్రువం వైపు, ఎలుగులు ఉత్తరం వైపు. రెండింటినీ పక్కపక్కనే పెట్టిన బొమ్మలు చాలా చోట్ల చూశాను. అలాంటి చార్టు మీ గోడ మీద ఉంటే తీసెయ్యి.

మంచు దగ్గరికొద్దాం. మీ దగ్గర ఫ్రిజ్ లేదని బాధపడ్డావు. చేపల పెట్టెల్లో వేసే ఐసు ఉంది కదా, దిమ్మలో ఒక ముక్క చాలు. రెండు గ్లాసులు నిండా నీళ్ళు పోయించు. ఒకదాంట్లో ఐసు తేలేలా వేసి, ఆ తర్వాత అంచు దాకా నింపు. రెండోదాని మీద జల్లెడ పెట్టి అందులో ఐసు వెయ్యి. మొదటిది కరిగినా పొర్లదు, రెండోది పొర్లుతుంది. మొదటిది సముద్రం మీద తేలే మంచు, రెండోది నేల మీద పేరుకున్న మంచు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో ఉన్నది ఈ రెండో రకం. అంటార్కిటికాలో కొన్నిచోట్ల దాని మందం నాలుగు కిలోమీటర్లు పైనే.

ఇక్కడ నీకు ఒక మాట. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రం ఏడు మీటర్లు పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ సంఖ్య ఒక్కటే చెప్పి వదిలెయ్యకు. మీ క్లాసులో గుంటలందరూ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నాలుగైదేళ్ళవాళ్ళు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయి ఇంట్లో పెద్దవాళ్ళు ఏడవడం చూసినవాళ్ళు అందులో ఉంటారు. "మీ ఊరు మునిగిపోతుంది" అంటే వాళ్ళకి రాత్రి నిద్ర పట్టదు. అదంతా కరగడానికి కనీసం వెయ్యేళ్ళు పడుతుందనీ, ఎంత కరుగుతుంది, ఎంత త్వరగా అన్నది మనుషులు ఎంత బొగ్గు, ఎంత నూనె కాలుస్తారన్న దాని మీద ఉందనీ కలిపి చెప్పు. కొలుస్తున్న మనుషులున్నారని చెప్పు. భయపడిన పిల్లవాడు ప్రశ్న అడగడు, నేనిది ఇక్కడ కళ్ళారా చూశాను.

ఉప్పు సంగతి కూడా మన పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. నౌపడలో ఎండ నీళ్ళని పట్టుకుపోతే ఉప్పు మిగులుతుంది. ఇక్కడ చలి అదే పని తిరగేసి చేస్తుంది: సముద్రం దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతూ ఉప్పుని బయటికి నెట్టేస్తుంది. కింద మిగిలిన నీళ్ళు మరీ ఉప్పగా, చల్లగా, బరువుగా మారి అడుక్కి దిగుతాయి. మహాసముద్రాల లోతుల్లో నీళ్ళు కదలడానికి ఇదొక కారణం.

ప్రవాహాల గురించి ఇక్కడ నేను చెప్పే కథ ఒకటుంది, మత్స్యకారుల పిల్లలకి తప్పక చెప్పు. 1881లో జానెట్ అనే ఓడ సైబీరియాకి ఉత్తరాన మంచులో నలిగి మునిగింది. మూడేళ్ళ తర్వాత దాని సామాన్లు కొన్ని గ్రీన్‌లాండ్ ఒడ్డున, మంచు పలకల మీద దొరికాయి. అంటే మంచు కింద సముద్రం వాటిని ధ్రువం పక్క నుంచి అటు మోసుకెళ్ళింది! నాన్సెన్ అనే నార్వే ఆయన ఇది పట్టుకుని, తన ఓడని కావాలనే మంచులో ఇరికిస్తానన్నాడు. చాలామంది చస్తావన్నారు. 'ఫ్రామ్' ఓడ అడుగుని కొబ్బరిచిప్పలా గుండ్రంగా కట్టించాడు. మంచు నొక్కితే, వేళ్ళ మధ్య తడి చింతగింజలా ఓడ జారి పైకి లేచింది. 1893లో ఇరుక్కుని 1896లో బయటపడింది, ఒక్క మనిషి కూడా పోలేదు. కొట్టుకొచ్చిన చెక్కముక్క చూసి సముద్రం ఎటు పోతుందో చెప్పడం మన పెద్దలకి తెలిసిన విద్యే కదా.

పెంగ్విన్ గుడ్డు గడ్డకట్టదా అన్నదానికి: చక్రవర్తి పెంగ్విన్లలో తండ్రి గుడ్డుని పాదాల మీద పెట్టుకుని, పొట్ట మడతతో కప్పి, రెండు నెలల పైన పొదుగుతాడు. తిండి ఉండదు. అందరూ ఒకరికొకరు ఆనుకుని గుంపుగా నిలబడి, బయట ఉన్నవాళ్ళు లోపలికీ లోపలివాళ్ళు బయటికీ జరుగుతూ చలి పంచుకుంటారు. మన ఒడ్డున తాబేలు తల్లి వెచ్చటి ఇసుకలో గుడ్లు పూడ్చి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. రెండూ పక్కపక్కన చెప్పి, ఎందుకలా అని వాళ్ళనే అడుగు. కొవ్వు చలిని ఎలా ఆపుతుందో తెలియాలంటే రెండు పాలిథిన్ కవర్ల మధ్య డాల్డా రాసి, చెయ్యి అందులో పెట్టి ఐసు నీళ్ళలో ముంచమను.

ఆఖరి ప్రశ్న, కిటికీ దగ్గర కూర్చున్న పాపది. "అక్కడికి మనోలు, ఆడోలు ఎల్తారా?" అని నెమ్మదిగా అడిగింది, అప్పుడే లైన్ పోయింది. తనకి విడిగా చదివి వినిపించు. మన దేశం వాళ్ళు 1982 జనవరిలో మొదటిసారి అంటార్కిటికాలో దిగారు. 1983లో బయల్దేరిన మూడో బృందంలోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు ఉన్నారు. ఇస్రోలో పనిచేసిన మంగళా మణి యాభై ఆరేళ్ళ వయసులో అంటార్కిటికాలోని మన భారతి కేంద్రంలో 403 రోజులు ఉన్నారు. అక్కడ ఉపగ్రహాల నుంచి పట్టిన సమాచారం మన హైదరాబాద్ పక్కనున్న షాద్‌నగర్‌కి వస్తుంది. ఉత్తరాన 2008 నుంచి హిమాద్రి అనే మన పరిశోధనా కేంద్రం ఉంది, నా ఊరికి ఇంకో వెయ్యి కిలోమీటర్లు పైన. అక్కడ సున్నితమైన యంత్రాలుండటంతో ఊళ్ళో వైఫై, బ్లూటూత్ వాడకూడదు. 2023 డిసెంబరు నుంచి చీకటి నెలల్లో కూడా మనవాళ్ళు వెళ్ళి పనిచేస్తున్నారు. మన వానలకీ ఇక్కడి మంచుకీ ఏం సంబంధమో వెతకడం వాళ్ళ పనుల్లో ఒకటి. తనకి ఇంకేమైనా అడగాలనుంటే నాకే రాయమను, నేనే జవాబు రాస్తాను.

ఒక పని అప్పగిస్తున్నాను. పిల్లలతో ఒక నోటు పుస్తకం పెట్టించు. ఉప్పు మళ్ళ దగ్గర ఆ చిన్న పిట్టలు ఏ రోజు ఎన్ని కనబడ్డాయి, ఏప్రిల్, మే నెలల్లో ఏ రోజు నుంచి కనబడడం మానేశాయి, రాయించు. రాళ్ళు తిప్పి పురుగులేరుకునే నారింజ కాళ్ళ పిట్ట ఒకటి ఇక్కడి తీరంలో కూడా గుడ్లు పెడుతుంది. మీ దగ్గరకొచ్చేవి ఇవే అని చెప్పలేను, జాతి మాత్రం ఒకటే. అది ఇక్కడ ఏ రోజు దిగిందో నేను రాసి పెడతాను. జూన్‌లో బడి తెరిచాక రెండు పుస్తకాలూ పక్కన పెట్టి చూద్దాం.

అమ్మ మోకాలికి నూనె రాస్తోందా? బావకి అడిగినట్టు చెప్పు. రథసప్తమి నాడు అరసవల్లి వెళ్తే నా పేరున కూడా ఒక దణ్ణం పెట్టు.

నీ చెల్లి