మందుచీటీ లేకుండా అమ్మే చర్మం క్రీములపై బహిరంగ లేఖ

తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారం.

అయ్యా, హైదరాబాద్‌లో తొడల మధ్య దురద పుడితే చాలామంది డాక్టర్ దగ్గరికి పోరు. సిగ్గు. గల్లీ చివరి మెడికల్ షాపులో, పక్కన ఎవరూ లేనప్పుడు, గొంతు తగ్గించి అడుగుతారు. చీటీ లేకున్నా ఒక ట్యూబు చేతికొస్తుంది. అందులో క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపే ఉంటాయి.

నాలుగు రోజుల్లో దురద తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. స్టెరాయిడ్ ఎరుపును అణచి, చర్మం రక్షణను కూడా తగ్గిస్తుంది. తామర లోలోపల పాకుతుంది. ఉస్మానియాకో గాంధీకో పోయేసరికి మచ్చ రూపమే మారి, చూడగానే గుర్తుపట్టడం డాక్టరుకూ కష్టమవుతుంది. పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూడాల్సి వస్తుంది.

ఇంకో ప్రమాదం సిఫిలిస్ అనే సుఖవ్యాధి. తొలి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. దానిమీద ఇదే క్రీము రాస్తే మాన్పిన పేరు క్రీముకు పోతుంది, జబ్బు ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్షతో తొలిదశలో పట్టుకుంటే చాలామందికి 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క విడతలో ఇస్తే సరిపోతుంది.

కొత్త చట్టం అడగడం లేదు. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది. మీ ఇన్‌స్పెక్టర్లు మామూలు గిరాకీల్లా పోయి ఒక ట్యూబు అడిగి చూడాలి (సర్కారు జీపులో పోతే ఏ షాపైనా చీటీ అడుగుతుంది!). ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు ఉచిత వైద్యం ఉందని ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టించండి.

ఇట్లు,
ముషీరాబాద్ వాసి