చిన్న గాలిమరకు ముందు ఎత్తు కావాలి

సంపాదకులకు నమస్కారం.

రామగిరి కొండల మీద 1990లలోనే పెద్ద గాలిమరలు లేచాయి. ఇప్పుడు మా ఉరవకొండ వైపు ఎటు చూసినా అవే. వాటి నీడలోనే మిద్దెల మీద, తోటల్లో అక్కడక్కడా చిన్న గాలిమరలూ ఉన్నాయి. నేను చూసినవాటిలో చాలావరకు రోజంతా తిరుగుతాయి, బ్యాటరీ మాత్రం నిండదు. యంత్రం నాసిరకమని తిట్టుకుని మూలన పడేస్తున్నారు. తిట్టే ముందు దాన్ని ఎక్కడ నిలబెట్టామో చూసుకోవాలని నా మనవి.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. సెకనుకు 4 మీటర్ల గాలికీ 5 మీటర్ల గాలికీ తేడా మన ఒంటికి సరిగా తెలియదు, రెక్కలకు మాత్రం అది దాదాపు రెట్టింపు. యంత్రం మీద 1 కిలోవాట్ అని రాసి ఉంటే అది సాధారణంగా 11, 12 మీటర్ల గాలికి కట్టిన లెక్క. 5 మీటర్ల గాలిలో దాన్నుంచి వంద వాట్లు వస్తే గొప్ప. కొనేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

మా దగ్గర ఒక బడి మిద్దె మీద రెండు మీటర్ల పైపుకు ఇలాంటి మరనే బిగించారు. పక్కన మిద్దెను మించిన చింతచెట్టు. చెట్టునూ గోడనూ ఒరుసుకుని వచ్చే గాలి సుడులు తిరుగుతుంది, మరకు దిక్కు మార్చుకోవడంతోనే సరిపోయేది. ఆ అదురుకు పిట్టగోడ బీటలిచ్చింది కూడా. నా పాత విద్యార్థులు కొందరు కలిసి దాన్ని దింపి, దూరంగా ఖాళీ జాగాలో బోరు పైపులతో 18 మీటర్ల స్తంభం వేశారు. అడుగున కీలు, మూడు ఎత్తుల్లో స్తంభాన్ని నలువైపులా లాగిపట్టే స్టే వైర్లు, వాటికి కాంక్రీటు దిమ్మెలు. చైన్ పుల్లీతో స్తంభాన్ని వాల్చి నేల మీదే మరమ్మతు చేసుకోవచ్చు, ఎవరూ పైకెక్కి ప్రాణం మీదకు తెచ్చుకోనక్కర్లేదు. ఖాళీ మైదానంలో సైతం 6 మీటర్ల నుంచి 18 మీటర్లకు లేపితే గాలిలో శక్తి సుమారు 60 శాతం పెరుగుతుంది. చెట్లూ ఇళ్లూ ఉన్నచోట తేడా ఇంకా ఎక్కువ. చుట్టూ 90 మీటర్లలో ఉన్న అన్నిటికన్నా రెక్కల కింది అంచు కనీసం 9 మీటర్లు పైన ఉండాలి.

ఆ బడిలో ఇంకో తప్పు వైరుది. 24 వోల్టుల డీసీని 40 మీటర్ల దూరం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో తెచ్చారు. 500 వాట్లు వచ్చే వేళ అందులో 150 దాకా వైరు వేడికే పోతాయి. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం అరవైకి దిగుతుంది. ఇక రెక్కల ముందంచున పేరుకున్న దుమ్ము, పురుగుల జిడ్డు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు, ఆషాఢ గాలులు లేవకముందే రోహిణి కార్తెలో తుడిచి, బోల్టులు బిగించాలి. ఈ పనుల తర్వాత రాత్రి ఎనిమిదికే ఆరిపోయే బడి దీపాలు తెల్లవారిదాకా వెలుగుతున్నాయి. యంత్రం పాతదే.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. చిన్న గాలిమరలకు సాయం ఇస్తే కిలోవాట్లను మాత్రమే చూసి ఇవ్వొద్దు. స్తంభం ఎత్తు, వైరు మందం కూడా షరతుల్లో ఉండాలి. సాయంలో కొంత ఆపి, ఏడాది తర్వాత మీటరులో యూనిట్లు చూసి ఇవ్వాలి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థకు తమిళనాడులోని కాయత్తార్‌లో పరీక్షా కేంద్రం ఉంది. పరీక్షించిన యంత్రాలు ఏ వేగానికి ఎన్ని వాట్లు ఇస్తాయో తెలుగులో అచ్చువేసి మండల కార్యాలయాల్లో అంటించాలి. స్తంభం వాల్చడం, స్టే వైర్లు బిగించడం మన ఐటీఐ పిల్లలకు వారంలో నేర్పవచ్చు. వచ్చే రోహిణి లోపు జిల్లాలో మూలనపడ్డ మరలను వాళ్ల చేత ఒకసారి చూపించండి.

– రిటైర్డ్ ఐటీఐ శిక్షకుడు,
ఉరవకొండ, అనంతపురం జిల్లా