తడిసిన రిజిస్టర్లను బతికించిన ఆవిడకి

పిల్లలకీ కుటుంబాలకీ కౌన్సెలింగ్ ఇచ్చే మా సంస్థ చరిత్రంతా పాత కాల్ రిజిస్టర్లలోనే ఉంది. పైపు పగిలి అవి తడిసి ముద్దయ్యాయి. ఇప్పటికి చాలావరకు ఆరాయి. ఒళ్ళు హూనమైంది గానీ ఈ నాలుగు ముక్కలూ ఇవాళే రాయాలి.

మాకు ముక్కూ మొహం తెలియని ఒక బైండింగ్ పనావిడ కబురు విని తనంతట తనే వచ్చారు. రాగానే ఎండలో పరచడం ఆపించారు. ఎండకి అట్టలు వంకరపోతాయి, సిరా వెలిసిపోతుంది. 48 గంటలు దాటితే బూజు పడుతుంది కనుక, ఆలోపు ఆరబెట్టగలిగినవే బయట ఉంచి మిగతావి కవర్లలో చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టించారు. అంటుకున్న పేజీలను బలవంతాన విడదీయనివ్వలేదు. నీరు ఓడ్చాక పది పదిహేను కాగితాలకొకటి చొప్పున అచ్చు లేని న్యూస్‌ప్రింట్ పెట్టి, అది చెమ్మ పీల్చగానే మార్చారు. ఫ్యాన్ గాలి పేజీలకి సూటిగా తగలనివ్వలేదు. చిరుగులకి సెల్లోటేప్ వద్దే వద్దన్నారు, దాని జిగురు కాగితాన్ని తినేస్తుంది. బాల్‌పెన్ను, పెన్సిల్ రాతలు నిలిచాయి. ఫౌంటెన్ పెన్ను పేజీలు కొన్ని పోయాయి.

మమ్మల్ని ఏడిపించింది మాత్రం వేరే. ఎవరూ చెప్పకుండానే ఆవిడ ప్రతి పేజీలో పేర్ల గడి మీద తెల్లకాగితం పట్టీ కప్పి పనిచేశారు. "వాళ్ళు నాకు చెప్పుకోలేదు కదండీ" అన్నారు. కౌన్సెలర్లకి మేం శిక్షణలో నేర్పేది ఇదే.

1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి పాస్టరు, చావాలనిపించేంత బాధలో ఉన్నవాళ్ళ మాట వినే సమారిటన్స్ అనే సంస్థని మొదలుపెట్టినప్పుడు, ఆయన కోసం కూర్చున్నవాళ్ళకి టీ ఇచ్చి మాట విన్న వాలంటీర్లతోనే చాలామంది మనసు తేలికపడేది. మరుసటి ఏడు ఆ పని వాళ్ళకే అప్పగించారు. అలాంటివాళ్ళ జాడ వార్షిక నివేదికల్లో దొరకదు, అక్కడుండేవి ప్రారంభోత్సవాలే. ఫోనెత్తిన మనిషి చేతిరాత రిజిస్టర్లోనే ఉంటుంది. పిల్లాడితో వచ్చిన తల్లికి విడిగా సమయం ఇవ్వడం ఎప్పుడు మొదలైందో కూడా అక్కడే తెలుస్తుంది.

గ్రాంట్లిచ్చేవాళ్ళకి మాత్రం సెషన్ల లెక్కే కావాలి. రికార్డుల భద్రతకి వాళ్ళ ఫారాల్లో ఒక్క గడీ లేదు. నేల మీంచి జానెడు ఎత్తున ఇనప రాకులుంటే వీటిలో సగం తడిసేవే కావు!

ఇంటివాళ్ళు మా పనులన్నీ మీదేసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఫ్రీజర్ ఖాళీ చేసిచ్చిన గోదాం వాళ్ళు! రీలు చివరి న్యూస్‌ప్రింట్ ఊరికే ఇచ్చిన ప్రెస్సు వాళ్ళు కూడా. పేర్ల బదులు కేసు నంబర్లతో సూచిక టైపు చేసిన కుర్రాళ్ళని మరిచేపోయాం. కొన్ని కట్టలు ఇంకా ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. ఆవిడ చెప్పినట్టే, ఒక విడతలో ఎన్ని ఆరబెట్టగలమో అన్నే దింపుతాం.