కొండ మీద నలుగురూ కూర్చునే చోటు

సంపాదకులకు నమస్కారం.

ఏనుగు మల్లమ్మ కొండకు హార్సిలీ కొండ అనే పేరు ఎలా వచ్చిందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అప్పటి కడప కలెక్టర్ డబ్ల్యు.డి. హార్సిలీ ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో అక్కడ వేసవి విడిది కట్టించుకున్నారు. చుట్టూ చెట్లు, నాలుగు వేల అడుగుల ఎత్తున చల్లగాలి! అంత చోటులో పొరుగూళ్ల వాళ్లం నలుగురం కూడి మాట్లాడుకోవడానికి నీడపట్టు దొరకదు. పోయిన నెల మా పదవీ విరమణ మిత్రబృందం చెట్టు కింద పాత వార్తాపత్రికలు పరుచుకుని కూర్చుంది. చినుకులు పడగానే పులిహోర డబ్బాలతో బస్సులోకి పరుగే.

పాత విడిది వరండానో, పక్కన ఒక సాదా పెంకుల చావడినో నెలకు రెండు ఆదివారాలు స్థానికులకు వదిలితే చాలు. బడిపిల్లలకు చెట్ల పాఠాలు, పెద్దలకు కవి సమ్మేళనం, మల్లమ్మ కథ తెలిసిన ముసలమ్మలకు నలుగురు శ్రోతలు. 1919లో రవీంద్రుడు జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది కొండ దిగువన మదనపల్లెలోనే. సాహిత్య సభకు ఇంతకంటే సాకు కావాలా? అయితే మైకులు, ప్లాస్టిక్ పళ్లేలు మాత్రం కొండ ఎక్కనివ్వకూడదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మదనపల్లె