ముర్రుపాల కంటే ముందే పాలడబ్బా

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

నమస్కారం. పోయిన నెల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా చెల్లికి ఆపరేషన్ చేసి పాపను తీశారు. అది మెలకువగానే ఉంది, బిడ్డను ఎదమీద వేయమని అడుగుతూనే ఉంది. "ఇంకా పాలు పడలేదమ్మా" అంటూ ఆయా పాలపొడి కలిపి తెచ్చేసింది. మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలన్న పోస్టరేమో ఆ వరండా గోడకే ఉంది!

ముర్రుపాలు చెంచాడే వస్తాయి. అప్పుడే పుట్టిన పొట్టకు అవే చాలు, రోగాలను ఆపే శక్తి వాటిలోనే దండిగా ఉంటుంది. మా నాయనమ్మ కాలంలో వాటిని పిండి పారబోసేవాళ్లు. మనమేం మారాం? బిడ్డ చప్పరించే కొద్దీ పాలు బాగా పడతాయి, గర్భసంచి ముడుచుకుని తల్లికి రక్తస్రావం తగ్గుతుంది. డబ్బా అలవాటు చేస్తే ఉన్న పాలూ తగ్గుతాయి.

ఇంటికొచ్చి చూస్తే మందుల సంచిలో పాలపొడి శాంపిల్! రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రచారం, ఉచిత శాంపిళ్లు వద్దని 1992 నాటి చట్టం, 2003 సవరణ చెబుతున్నాయి కదా సార్.

ఒకసారి చెప్పకుండా వచ్చి ప్రసూతి వార్డులు చూడండి. కుట్లనొప్పితో ఉన్న తల్లికి, పక్కన కూర్చుని పాలు పట్టడం నేర్పే నర్సు ఒక్కరైనా ఉన్నారేమో అడగండి.

ఇట్లు,
ఆ పాప పెద్దమ్మ