ఆ గిటారు బిట్ ఎవరిది?

సంపాదకులు గారికి, నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఎనభైల నాటి ఒక పాట గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. పాట రాసినాయన గురించి ఉంది, బాణీ కట్టినాయన గురించి, పాడిన ఇద్దరి గురించి, చివరికి హీరోయిన్ కట్టుకున్న చీర రంగు గురించి కూడా ఉంది. పల్లవికి ముందు వచ్చే గిటారు వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుందని రాశారు. సంతోషం. ఆ గిటారు ఎవరు వాయించారో మాత్రం రాయలేదు. అది నేను కాదు, ముందే చెబుతున్నా. నాకంటే పదేళ్లు పెద్దాయన, మద్రాసులో చాలా ఏళ్లు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. ఇప్పుడు లేడు. ఆ వ్యాసం చదివాక రెండు రోజులు ఆయనే గుర్తుకొస్తుంటే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాది జమ్మలమడుగు. మా నాయన అక్కడి క్యాంబెల్ ఆస్పత్రిలో కాంపౌండరు. మా చర్చిలో ఒక పాత గిటారు ఉండేది, దానికి ఐదు తీగలే. ఆరోది ఎప్పుడో తెగిపోతే మళ్లీ ఎవరూ వేయలేదు. ఆ ఐదింటి మీదే నేర్చుకున్నాను. 1981లో కలకత్తాలో తయారైన గివ్సన్ గిటారు ఒకటి కొనుక్కుని, కడపలో రాత్రి రైలెక్కి, పొద్దున్నే మద్రాసు సెంట్రల్‌లో దిగాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు కాబట్టి నాకు గిటారు వచ్చనుకున్నాను. సినిమా స్టూడియోలుండే కోడంబాకంలో వారం తిరిగేసరికి రాదని తెలిసింది.

అక్కడ చెవి ఒక్కటే ఉంటే చాలదు, కళ్లు కూడా చదవాలి. ఐదు గీతల మీద రాసిన స్టాఫ్ నొటేషన్ కాగితం స్టాండు మీద పెడతారు. ఒకసారి చూసుకోవడానికి టైమిస్తారు, రెండోసారి అందరితో కలిసి వాయించాలి. చదవడం రాకపోతే కాల్, అంటే రికార్డింగుకు పిలుపు, రాదు. మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ అని చాలా పాత దుకాణం ఉంది. లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలకు అక్కడ కట్టేవాళ్లం. ఒకరింట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ, రాత్రిళ్లు నొటేషన్ చదువుకుంటూ ఏడాదిన్నర గడిపాను. మొదటి కాల్ వచ్చింది కూడా నా గొప్పతనం చూసి కాదు. రావలసిన ఆయనకు జ్వరం వచ్చింది.

పొద్దున ఏడింటికి కాల్షీటంటే ఆరున్నరకల్లా రికార్డింగ్ థియేటర్లో ఉండాలి. తీగలు శ్రుతి చేసుకోవాలి, ఏసీకి మళ్లీ దిగుతాయి, మళ్లీ చేసుకోవాలి. స్పానిష్ గిటారు, పన్నెండు తీగల గిటారు, ఎలక్ట్రిక్ గిటారు, మూడూ మోసుకుపోవాలి. ఏది అడుగుతారో ముందు చెప్పరు. జేబులో శ్రుతి మార్చడానికి గిటారు మెడకు బిగించే కేపో, తీగలు మీటే రెండు మూడు పిక్‌లు, సంచిలో అదనపు తీగలు. అప్పట్లో ఇంకా చాలా పాటలు లైవ్‌గానే తీసేవాళ్లు. ఫిడేళ్లు, ఫ్లూటు, తబలా, డోలక్, కీబోర్డు, పాడేవాళ్లు, అందరూ ఒకేసారి. నాలుగున్నర నిమిషాల పాటలో నాలుగో నిమిషం దగ్గర నా వేలు జారిందంటే నలభై మంది మళ్లీ మొదటినుంచి వాయించాలి. ఎవరూ తిట్టరు. అందరూ ఒకసారి తలతిప్పి చూస్తారు, అంతే. ఆ టెన్షన్‌కు నా అరచేతులు చెమట పట్టేవి. చెమటకు తీగలు తుప్పు పడతాయి. నెలకు రెండు సెట్ల తీగల ఖర్చు.

ఇంకో సంగతి. మేము వాయించేటప్పుడు అది ఏ సినిమానో చాలాసార్లు మాకే తెలిసేది కాదు. కాగితం మీద ‘ప్రొడక్షన్ నంబర్ 3, సాంగ్ 2’ అని ఉండేది. పాడేవాళ్లు ట్రాక్‌లో తర్వాత పాడతారంటే సాహిత్యం కూడా వినం. ఫస్ట్ బీజీఎం, సెకండ్ బీజీఎం, అంటే పల్లవి చరణాల మధ్య వచ్చే సంగీతం, వాయించి, వోచరు మీద సంతకం పెట్టి, కవరు తీసుకుని బయటికొచ్చి టీ తాగేవాళ్లం. ఆరు నెలల తర్వాత పాండీబజారులో ఏదో హోటల్ రేడియోలో వినిపిస్తే, ఓహో ఇదా ఆ పాట అనుకోవడమే. ఒక నిర్మాత ఇచ్చిన చెక్కు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ పాట కూడా హిట్టే.

బాణీ మాది అని నేను అనను. స్వరం స్వరం రాసి ఇచ్చే సంగీత దర్శకులు ఉన్నారు, వాళ్ల దగ్గర మేము అచ్చు కొట్టేవాళ్లం మాత్రమే. కానీ అందరూ అట్లా కాదు. “ఇక్కడ నాలుగు బార్లు ఖాళీ ఉంది, ఏమన్నా వెయ్యి” అనేవాళ్లు కూడా ఉన్నారు. బారంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది. ఒకసారి కాపీ అనే కర్ణాటక రాగంలోని పాటకు అట్లా నాలుగు బార్లు నాకు వదిలారు. గిటారు మెట్ల వాయిద్యం, గమకం సులభంగా రాదు. నిషాదం దగ్గర తీగను పక్కకు లాగి, కొంచెం కొంచెంగా వదిలాను. కన్సోల్ గదిలోంచి “అదే ఉంచు” అన్నారు. ఆ నాలుగు బార్లు కట్టడానికి నాకు పట్టింది పది నిమిషాలు.

మొన్నామధ్య కడపలో ఏడురోడ్ల దగ్గర ఆటో ఎక్కితే ఆ పాటే వస్తోంది. డ్రైవరు కుర్రోడు పల్లవి పాడడం లేదు, నా నాలుగు బార్లు నోటితో వాయిస్తున్నాడు. ఆగలేక చెప్పేశాను. “అట్లనా పెద్దాయనా! సినిమాలో యాడ కనపడినావు?” అన్నాడు. కనపడలేదంటే, “అయితే పేరన్నా వేసినారా?” అన్నాడు. వేయలేదన్నాను. నవ్వి, పది రూపాయలు తగ్గించుకున్నాడు. నలభై ఏళ్లలో ఆ పాట మీద నాకు వచ్చిన రాయల్టీ అదొక్కటే.

వేళాకోళానికి చెబుతున్నానని అనుకోవద్దు. మా అల్లుడు ప్రొద్దుటూరు కోర్టులో ప్లీడరు. ఈ గొడవ విని, కాపీరైట్ చట్టం తెచ్చి నాకు చదివి వినిపించాడు. 2012లో దానికి పెద్ద సవరణ వచ్చింది. పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ రావాలన్నారు, మంచిదే. వాయించేవాళ్లు కూడా చట్టం దృష్టిలో ‘ప్రదర్శకులే’ అట, ఆ హక్కు యాభై ఏళ్లు ఉంటుందట. ఇంతవరకూ విని లేచి కూర్చున్నాను. ఆ సవరణలోనే ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా వేయరో, ఆ మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించరు. చేసిన పనిని ఎవరైనా వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటి మాత్రం మిగిల్చారు.

పొద్దున ఏడింటికి రమ్మని పిలిచి, కాగితం పెట్టి వాయించమన్నది యాదృచ్ఛికం ఎట్లా అవుతుందని మా అల్లుణ్ణి అడిగాను. “కాదనే వాదించొచ్చు మామా. కానీ వాయించింది నువ్వేనని చూపించడానికి నీ దగ్గర కాగితం ఏముంది?” అన్నాడు. అక్కడ నోరు మూతపడింది. పేరు వేయకపోవడం మర్యాద తెలియక జరిగిన పొరపాటని ఇన్నాళ్లూ అనుకున్నాను. పేరు లేకపోతే వాదించడానికి ఆధారమే లేదని అప్పుడు అర్థమైంది. చట్టం వచ్చేనాటికి నేను మద్రాసు వదిలేసి పదిహేనేళ్లు. నా పాత పాటల మీద ఇప్పుడు డబ్బు వస్తుందన్న ఆశ నాకు లేదు. కానీ ఈ రోజు హైదరాబాదులో తన గదిలో కూర్చుని గిటారు రికార్డు చేసి, ఫైలు మెయిల్లో పంపే పిల్లల సంగతి అదే కదా. వాళ్లకు వోచరు కూడా లేదు.

అమెరికాలో కూడా అరవైలలో ఇట్లాగే ఉండేది. లాస్ ఏంజిలెస్ స్టూడియోల్లో ఒక గుంపు వాళ్లే ఎన్నో బ్యాండ్ల పేరు మీద వాయించారు. టామీ టెడెస్కో అనే గిటారిస్టు వాళ్లలో ఒకడు. రికార్డు కవర్ల మీద వాళ్ల పేర్లు లేవు. అయితే అక్కడ ప్రతి సెషన్‌కూ యూనియన్ కాగితం ఉండేది, ఆ రోజు ఎవరెవరు వచ్చారో రాసి పెట్టేవారు. అందుకే తర్వాత ఎవరు వాయించారో వెతికి పట్టుకోగలిగారు. మేము సంతకాలు పెట్టిన వోచర్లు ఏ గోడౌన్లో చెదలు తిన్నాయో.

మన దగ్గర గిటారిస్టు పేరు బయటికి రావాలంటే అతను గిటారు మానేసి ఇంకేదో కావాలి. ఇళయరాజా గారు 1976లో సంగీత దర్శకుడు కాకముందు మద్రాసు స్టూడియోల్లో గిటారు వాయించారని అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన ఇళయరాజా అయ్యారు. 1971లో ‘దమ్ మారో దమ్’ పాటకు గిటారు వాయించింది భూపిందర్ సింగ్ అని చెప్పుకుంటారు, ఎందుకంటే ఆయన పెద్ద గాయకుడు. గిటారిస్టుగానే ఉండిపోయిన వాళ్ల సంగతి ఎవరు చెబుతారు? ఈ విషయంలో రెహ్మాన్ గారికి దండం పెట్టాలి. సీడీల లోపలి కాగితంలో వాయించినవాళ్ల పేర్లు వేశారు. సీడీలు పోయాయి, ఇప్పుడు ఫోన్లో పాట కింద ఆ పేర్లు చాలావరకు కనిపించవు.

అందుకని నా మనవి చిన్నది. ఆదివారం పాట గురించి రాసేటప్పుడు, అందులో ఎవరు ఏం వాయించారో కూడా కనుక్కుని ఒక్క వాక్యం వేయండి. దొరకదంటారు. అడిగితే దొరుకుతుంది, కానీ త్వరగా అడగాలి. మా గుంపులో బతికున్నవాళ్లలో నేనే చిన్నవాణ్ణి, నాకు అరవై ఆరు దాటాయి.

1983 నుంచి 1997లో తిరిగి వచ్చేదాకా నేను డైరీలు రాశాను. ఏ తేదీ, ఏ థియేటర్, ఏ సంగీత దర్శకుడు, ప్రొడక్షన్ నంబరు, ఎవరెవరు ఏ వాయిద్యం మీద కూర్చున్నారు, ఎంత ఇచ్చారు. డబ్బుల లెక్క కోసమే రాసుకున్నాను గానీ, ఇప్పుడు ఆ తేదీల్ని బట్టి సినిమాల పేర్లు పట్టుకోవచ్చు. 2020 నవంబరులో నివర్ తుఫానుకు కడపలో బుగ్గవంక వాగు పొంగినప్పుడు మేము దాని పక్కనే అద్దెకు ఉండేవాళ్లం. 1986, 1987 డైరీలు తడిసి సిరా అంతా కారిపోయింది. మీరు రాసిన ఆ పాట 1986లోదే. అయినా దాని గురించి నాకు కాగితం అక్కర్లేదు, ఆ రోజు ఆ పక్క కుర్చీలో నేను ఉన్నాను. ఆయన పేరు, ఊరు ఈ ఉత్తరంతో వేరే కాగితం మీద రాసి పెడుతున్నాను. వాళ్ల ఇంట్లోవాళ్లను అడిగి, సరేనంటే వచ్చే ఆదివారం వేయండి.

మిగతా డైరీలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. మీ విలేకరి ఎవరైనా వస్తానంటే ఎర్రముక్కపల్లెలో మా ఇంటికి పంపండి. సాయంత్రం ఐదుకు పిల్లలు గిటారు క్లాసుకు వస్తారు, అంతకు ముందే రమ్మనండి.

ఇట్లు,
ఒక పాత సెషన్ గిటారిస్టు,
కడప.