ఎర్ర అంచు పేలిక కట్టిన నీలం పెట్టె గురించి పదమూడో ఉత్తరం

నెల్లూరు,
మార్చి 16.

ప్రయాణికుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: నవంబరు 10న సింగపూర్‌లో ఓడ ఎక్కేటప్పుడు మీ సిబ్బందికి అప్పగించిన పెట్టె, ఆ తర్వాత నాలుగు నెలలుగా నాకు జరుగుతున్న అవమానం.

అయ్యా,

ఇది మీ సంస్థకు నేను రాస్తున్న పదమూడో ఉత్తరం. ముందు రాసిన పన్నెండింటిలో తొమ్మిదింటికి ఒకే జవాబు అక్షరం మారకుండా వచ్చింది: మీ ఫిర్యాదు అందింది, 72 గంటల్లో సంప్రదిస్తాం. తక్కిన మూడింటికి అది కూడా రాలేదు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. తరగతిలో వెనక బల్ల మీది పిల్లవాడు చెయ్యెత్తితే, జవాబు తెలిసినా తెలియకపోయినా ముందు వాడి వైపు తిరిగి చూడాలి. మీ సంస్థలో ఇంతవరకూ నా వైపు తిరిగి చూసిన మనిషి ఒక్కరూ లేరు. పెట్టె పోయిన బాధ కంటే నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

మా పెళ్లయి నలభై ఏళ్లయిందని మా అబ్బాయి, కోడలు మీ ఓడలో నాలుగు రాత్రుల ప్రయాణానికి టికెట్లు కొన్నారు. సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసి, మళ్లీ సింగపూర్‌లో దిగడం. మీ ఓడ మాకు కొత్త కాదు. మూడేళ్ల కిందట మా అమ్మాయి కుటుంబంతో కలిసి మీ ఓడలోనే వెళ్లాం. ఆ నమ్మకంతోనే ఈసారి కూడా మీ సంస్థే కావాలని మా అబ్బాయికి పట్టుబట్టి చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు ఇంట్లో ఎత్తాలంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

మీరు మెయిల్‌లో పంపిన సామాను చీటీని ట్రంకు రోడ్డులోని జిరాక్సు దుకాణంలో రంగుల్లో ముద్రింపించాను. మీరు చెప్పినట్టే మడిచి, పెట్టె పిడికి చుట్టి, స్టాప్లర్‌తో రెండు పిన్నులు కొట్టాను. అంత దూర ప్రయాణంలో కాగితం నిలుస్తుందా అని నా భార్యకు అనుమానం. వాళ్ల అమ్మ కట్టుకున్న పాత చీర ఒకటి దాచుకుని ఉంది. దాని ఎర్ర అంచు జానెడు చించి అదే పిడికి రెండు ముళ్లు వేసింది. వంద పెట్టెల్లో పెట్టినా గుర్తుపడతాను అంది. ఆ ఎర్ర పేలిక సంగతి మీ సిబ్బందిలో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఒక్కరైనా రాసుకున్నట్టు నాకు కనబడలేదు.

మెరీనా బే ఓడల టెర్మినల్ ముందు మీ చొక్కా వేసుకున్న కుర్రవాడు పెట్టె అందుకున్నాడు. రసీదు ఇవ్వండి అని అడిగాను. అవసరం లేదు, సాయంత్రం ఆరు లోపల మీ క్యాబిన్ తలుపు ముందు ఉంటుంది అన్నాడు. అందులో నా భార్య రక్తపోటు మాత్రలు ఉన్నాయి, ఈ పెట్టె మేమే పైకి తీసుకుపోతాం అన్నాను. ఇంత పెద్దది చేత్తో తీసుకువెళ్లడానికి వీల్లేదు అని బండి మీద పడేశాడు. వెనక వరుసలో జనం ఉన్నారు. నేను తప్పుకున్నాను. మాత్రలు చేతిసంచిలోకి మార్చుకోకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. రసీదు లేకపోవడం మాత్రం నా పొరపాటు కాదు.

దయచేసి ఈ ఒక్క విషయం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నాలుగు నెలల గొడవంతా దీని చుట్టూనే తిరుగుతోంది. విమానంలో సామాను వేస్తే పెట్టెకు ఒక పట్టీ అంటించి, అదే పది అంకెల సంఖ్య ఉన్న ముక్క తుంపి మన చేతికి ఇస్తారు. పెట్టె రాకపోతే బయటికి రాకముందే కౌంటర్ దగ్గర ఒక ఫారం నింపి, దానికొక సంఖ్య ఇస్తారు. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో 21 రోజులు గడిచినా పెట్టె చేరకపోతే అది పోయినట్టే లెక్క అని మాంట్రియల్ ఒప్పందంలోనే రాసి ఉంది. మీ ఓడ దగ్గర చీటీ నేనే ముద్రించుకోవాలి, నేనే అంటించాలి, పెట్టె మీకు అప్పగించాలి, తర్వాత నా చేతిలో ఏమీ మిగలదు. అలాంటి మీరు నన్ను పదకొండుసార్లు అడిగిన ప్రశ్న: పెట్టె మాకు ఇచ్చినట్టు రుజువు ఏమిటి? ఆ రుజువు ఇవ్వవలసింది మీరు. అడిగినా ఇవ్వనిది మీరు.

ఆ సాయంత్రం సంగతి చెబుతాను. ఆరయింది, ఏడయింది. నడవాలో పెట్టెల చక్రాల చప్పుడు వినబడినప్పుడల్లా నా భార్య లేచి తలుపు తీసి చూసేది. ఎదుటి క్యాబిన్‌కు మూడు పెట్టెలు వచ్చాయి, పక్కవాళ్లకు వచ్చాయి. తొమ్మిదిన్నరకు చప్పుళ్లు ఆగిపోయాయి. అప్పుడు నేను కిందికి సేవా కౌంటర్‌కు వెళ్లాను. అక్కడున్న అమ్మాయి కంప్యూటర్ నుంచి కళ్లెత్తకుండానే, ఇంకా పంచుతున్నారు, పది దాకా ఆగండి అంది. పదింటికి వెళితే మనిషి మారారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పదకొండింటికి మూడో మనిషి. చీటీ ఊడిపోయిన పెట్టెలన్నీ ఒక గదిలో ఉంటాయని అతనే చెప్పాడు. నన్ను తీసుకుపోండి, ఎర్ర పేలిక చూసి నిమిషంలో చెబుతాను అన్నాను. ప్రయాణికులను అక్కడికి రానివ్వం అన్నాడు. పోనీ మీరే వెళ్లి చూసి రండి అన్నాను. రేపు ఉదయం చూస్తాం అన్నాడు. మరునాడు ఉదయం అతని పని వేళ అయిపోయింది, వేరొకరు ఉన్నారు, ఎర్ర పేలిక మాట ఎక్కడా నమోదు కాలేదు.

మాత్రల కోసం ఓడలోని వైద్యుడి దగ్గరకు వెళ్లాం. చూసి మందులు ఇచ్చారు, ఆయన మర్యాదగా మాట్లాడారు, ఆ ఒక్కరికీ నా నమస్కారం. ఆ రుసుము మాత్రం డాలర్లలో మా బిల్లులో వేశారు. మా పెళ్లిరోజు రాత్రి భోజనానికి అందరూ ముస్తాబై వచ్చారు. ఆ రోజు కట్టుకుంటానని నా భార్య వెంకటగిరి జరీ చీర ఒకటి ఆరు నెలల ముందే నేయించుకుంది. అది పెట్టెలో ఉంది. చెన్నై విమానం ఎక్కినప్పుడు కట్టుకున్న నేత చీరతోనే, రాత్రి ఉతికి స్నానాలగదిలో ఆరేసుకున్న దానితోనే, ఆమె ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఫోటో తీస్తామని మీవాళ్లు వస్తే వద్దంది. నలభై ఏళ్లలో ఆమె ఫోటోకు వద్దనడం నేను చూడలేదు. మీరు మాకు ఇచ్చింది ఒక పళ్ల బ్రష్షు, మీ సంస్థ గుర్తు ఉన్న ఒక బనీను.

నవంబరు 14న దిగిన రోజు రంగు చీటీల ప్రకారం పెట్టెలు వరుసగా పేర్చిన హాలులో, చివరి పెట్టె తీసుకుపోయేవరకూ నిలబడ్డాను. నేల మీద ఏమీ మిగలలేదు. ఊరికి వెళ్లాక భారతదేశంలోని మా నంబరుకు ఫోను చేయండి అని ఒక కాగితం ఇచ్చారు.

ఆ నంబరుకు చేస్తే, పోయిన సామాను సింగపూర్ కార్యాలయం చూస్తుంది అన్నారు. సింగపూర్‌కు చేస్తే, అది ఓడ సిబ్బంది చూడాలి అన్నారు. ఓడ సిబ్బందికి ఫోను ఎలా చేయాలి అంటే, భారతదేశం నంబరు ద్వారా చేయాలి అన్నారు. ఈ గుండ్రం నేను నాలుగుసార్లు తిరిగాను. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ అయిదింటికి తలుపులు మూస్తే మనకు మధ్యాహ్నం రెండున్నర. భోజనం మానుకుని ఫోను పట్టుకుని కూర్చున్న రోజులు ఉన్నాయి. ఒక అమ్మాయి ఎంతో తీయగా మాట్లాడి, తన పేరు చెప్పి, రేపు పదింటికి నేనే చేస్తాను సార్ అంది. చేయలేదు. మూడోనాడు నేను చేసి ఆ పేరు చెబితే, అలాంటివారు మా దగ్గర ఎవరూ లేరు అన్నారు. ఇంకొకతను అంతా విని చివరికి, ఏ విమానంలో పోయింది సార్ అన్నాడు. పద్దెనిమిది నిమిషాలు చెప్పాక అడిగిన ప్రశ్న అది. పెట్టె ఫోటో పంపమన్నారు, పంపాను. వారం తర్వాత అదే ఫోటో మళ్లీ పంపమన్నారు. ఆ తర్వాత మూడోసారి.

మీ షరతుల ప్రకారం పదిహేను రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయలేదని డిసెంబరులో ఒకతను అన్నాడు. నవంబరు 22న నేను స్పీడు పోస్టులో పంపాను. 25న మీ చెన్నై కార్యాలయంలో తీసుకున్నట్టు తపాలా శాఖ రికార్డు చెబుతోంది. ఆ రసీదు చదివి వినిపిస్తే అతను లైను కట్ చేశాడు.

జనవరి 19న, సంక్రాంతి వెళ్లిన నాలుగు రోజులకు, మీ చెన్నై కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. పెట్టె దొరికింది, వచ్చి తీసుకెళ్లండి అన్నారు. ఎర్ర పేలిక ఉందా అని అడిగాను. నీలం పెట్టే సార్, మీదే అన్నారు. నా భార్య ఆ సాయంత్రం మూలాపేట శివాలయంలో కొబ్బరికాయ కొట్టి వచ్చింది. 21న పినాకిని రైలు ఎక్కి, దాదాపు 175 కిలోమీటర్లు వెళ్లి, మూడింటికి రమ్మంటే నాలుగున్నర దాకా బయట కుర్చీలో కూర్చున్నాను. పెట్టె తెచ్చారు. నీలమే. పేలిక లేదు. తెరిస్తే పైన ఒక చిన్నపిల్ల గౌను, ఈత కళ్లద్దాలు, సగం వాడిన రంగు పెన్సిళ్ల డబ్బా. పిడికి స్టాప్లర్ పిన్ను ఒక్కటే వేలాడుతోంది, దానికి గోరంత కాగితం ముక్క, ఆ ముక్క మీద ఒకే ఒక అంకె. మా పెట్టెకు ఏమై ఉంటుందో ఆ గోరంత ముక్క చూస్తే నాకు అర్థమైంది. మీ సంస్థకు మాత్రం ఇంతకాలం అర్థం కాలేదు.

ఇది మాది కాదు అన్నాను. మీ ఉద్యోగి ఒక ఫారం నా ముందుకు జరిపి, సంతకం పెట్టి తీసుకెళ్లండి సార్, కేసు ముగిసిపోతుంది అన్నాడు. పరాయి పిల్ల బట్టలు నా చేత మోయించి మీ పుస్తకంలో లెక్క సరిచేసుకోవాలని చూశారు. నేను సంతకం పెట్టలేదు. రాత్రి బస్సులో నెల్లూరు చేరేసరికి పన్నెండు దాటింది. నా భార్య మెలకువగానే ఉంది. నా చేతులు చూసి ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 10న మీ మెయిల్ వచ్చింది. పెట్టె దొరికిందట. తీసుకోవడానికి ప్రయాణికుడు నిరాకరించాడట. అందువల్ల ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశారట. దాని కిందే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడిగారు. తర్వాతి ప్రయాణానికి రెండు వేల రూపాయల తగ్గింపు కూపన్ ఇచ్చారు. అబద్ధం రాసింది చాలక దాని పక్కన బహుమతి పెట్టారు. ఆ మెయిల్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లలో నా మీద ఎవరూ అలాంటి మాట రాయలేదు.

నేను అడిగింది చాలా చిన్నది. మా అబ్బాయి టికెట్లతోపాటు ప్రయాణ బీమా తీసుకున్నాడు. బీమావాళ్లు కావాలన్నది ఒకే ఒక కాగితం: ఫలానా తేదీన ఫలానా ప్రయాణికుడి పెట్టె మా అధీనంలో ఉండగా కనబడకుండా పోయింది అని మీ సంస్థ ముద్రతో, సంతకంతో ఇచ్చే పత్రం. నవంబరు నుంచి ప్రతి ఉత్తరంలోనూ అది అడుగుతున్నాను. ఆ ఒక్క పేజీ ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఫిర్యాదు ముగిసిందన్నాక ఇక పత్రం ఇవ్వలేం అంటున్నారు ఇప్పుడు. ముగించింది మీరు, నన్ను అడిగి కాదు.

మాగుంట లేఅవుట్‌లో ఉదయం మాతో నడిచే విశ్రాంత ఉద్యోగులు పద్నాలుగు మంది వచ్చే శీతకాలం ఓడ ప్రయాణం అనుకున్నారు. ఏ సంస్థ మంచిది మాస్టారూ అని నన్నే అడిగారు. మొన్నటిదాకా ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను, మీకు ఇంకొక అవకాశం ఇద్దామని. ఇక ఊరుకోను. జరిగింది జరిగినట్టు, కాగితాలతో సహా చూపిస్తాను.

ఇంకొకటి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సింగపూర్ వెళ్లనక్కరలేదు, చెన్నై రానక్కరలేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. రెండేళ్ల గడువులో నాలుగు నెలలే అయ్యాయి. నా దగ్గర పన్నెండు ఉత్తరాలు, మీ తొమ్మిది జవాబులు, స్పీడు పోస్టు రసీదు, ఫోన్లు చేసిన తేదీలు, వేళలు రాసుకున్న నోటు పుస్తకం ఉన్నాయి. చెన్నైలో ఆ పెట్టెను తీసిన ఫోటో ఉంది, ఆ ఒంటరి పిన్నుతో సహా. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు కూడా నమోదు చేయిస్తాను. మార్చి 31 దాకా చూస్తాను. ఆ తర్వాత వేసే కేసులో పెట్టె విలువ, వైద్యుడి రుసుము మాత్రమే అడగను. పెళ్లిరోజు రాత్రి ఆ బల్ల దగ్గర కూర్చున్న నా భార్యకు కలిగిన బాధకూ, నేను నిరాకరించానని రాసిన అబద్ధానికీ పరిహారం అడుగుతాను.

ఫిబ్రవరి 10 నాటి ఆ వాక్యాన్ని మీ రికార్డు నుంచి తీసేయండి. తీసేసినట్టు పేరు, హోదా ఉన్న ఒక మనిషి చేత నాకు రాతపూర్వకంగా చెప్పించండి. బీమా పత్రం పంపండి. చీటీ ఊడిన పెట్టెలు పెట్టే గదులు ఓడలో ఒకటి, సింగపూర్‌లో ఒకటి ఉంటాయి కదా, ఎవరినైనా పంపి పెట్టెల పిడులు చూడమనండి. ఎర్ర అంచు, రెండు ముళ్లు.

అలాగే చెన్నైలో ఉన్న ఆ పిల్ల గౌను పెట్టె సంగతి కూడా చూడండి. దాని కోసం ఏదో ఊళ్లో ఎవరో నాలాగే ఫోను పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆ ముక్క మీద మిగిలిన అంకె 8. మీ క్యాబిన్ల పట్టిక తీసి ఆ అంకెతో వెతికితే దొరుకుతారు.

ఇట్లు,
మీ ఓడలో రెండుసార్లు ప్రయాణించిన
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నెల్లూరు.